కుట్టులోకి పోయే రెండు

ఆటోనగర్ పాత ఇనుము కొట్లో
సత్తార్ భాయ్ కిలో లెక్కన తూచి ఇచ్చాడు
రెండు స్విచ్చులు, ఒక రౌటరు.
మూడు కిలోల రెండొందలు.
"పని చెయ్యలేదని మళ్లీ రాకమ్మా,
ఇనుము అమ్మాను, అంతే" అన్నాడు.

మల్కాపురంలో మాది రెండు గదుల వాటా.
వీధి గదిలో కుట్టుమిషను,
దాని బల్ల మీదే ఓ పక్కన కంప్యూటరు.
కిటికీలోంచి రిఫైనరీ మంట పడుతుంది.
కరెంటు పోయినా
నా గోడ పూర్తిగా చీకటవదు.

తీగల వరస ఒక్క పూటలో వచ్చేసింది.
నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం,
నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ.
ఇరవయ్యేళ్లు దారపు రీళ్లు చూసిన కళ్లివి.
చేతులకే రాలేదు.
మొదటిరోజు పదకొండు కొనలు పాడుచేశాను.
కత్తెర కాయల పక్కనే
క్రింపరు కాయలు
కొత్తగా అద్దెకు దిగాయి.

ఉప్పుగాలికి పోర్టులన్నీ చిలుము.
మిషను నూనె వేశాను, అది తప్పు.
ఆ నూనెని పాత టూత్‌బ్రష్షుతో, స్పిరిటుతో
రెండు రోజులు తోమాల్సొచ్చింది.

సబ్‌నెట్ దగ్గర వారం ఆగిపోయాను.
జిరాక్సు కాయితాల నిండా ఒకట్లూ సున్నాలూ,
చీమలు బారు కట్టినట్టు.
ఓ మధ్యాహ్నం లైనింగు గుడ్డ కోస్తుంటే వెలిగింది:
రెండొందల యాభై ఆరుని నాలుగు ముక్కలు చేస్తే
ముక్కకి అరవై నాలుగు.
వాడుకోడానికి అరవై రెండే.
ఆ అంచు ఒకటి, ఈ అంచు ఒకటి
కుట్టులోకి పోతాయి.
ఇంతేనా!
దీనికా ఏడు రోజులు!
ఒక్కదాన్నే పకపకా నవ్వుతుంటే
కొలతలివ్వడానికొచ్చిన ఎర్రయ్యమ్మ
గుమ్మంలోనే నిలబడిపోయింది.
"ఏటయ్యిందే నీకు?"

మా ఆయన టగ్గు మీద నైట్ డ్యూటీ.
ఆయన వెళ్లాక, ఈ మూల డబ్బాతో
ఆ మూల డబ్బాని పిలిపించాను.
ఉన్నావా?
జవాబు లేదు.
కేబులు పీకి పెట్టాను. ఉన్నావా?
జవాబు లేదు.
నంబరులో ఒక చుక్క ఎక్కువ పడింది. తీసేశాను.
ఉన్నాను, అంది. ఒక మిల్లీ సెకనులో.
ఈ ఇంట్లో ఇంత తొందరగా
నాకెవరూ ఎప్పుడూ పలకలేదు.
దూరంగా హార్బర్లో ఏదో ఓడ కూత వేసింది.
దానికి మాత్రం ఎవరూ పలకలేదు.

ఫైర్‌వాల్ సంగతి చెప్పకూడదు, అయినా చెబుతాను.
ఎవర్నీ లోపలికి రానివ్వకు, అని
ఒక్క వాక్యం రాసి ఎంటర్ నొక్కాను.
రౌటరు బుద్ధిమంతురాలు. చెప్పినమాట విన్నది.
ఆ ఎవర్నీలో నేనూ ఉన్నాను.
నా ఇంట్లో, నా స్టూలు మీద కూర్చునే
వీధిలో నిలబడ్డాను.

వెనకాల చిన్న బెజ్జం ఉంటుంది.
పదహారో నంబరు సూది మొద్దు కొన దూర్చి
పది లెక్కపెట్టాను.
లైట్లన్నీ ఆరాయి.
నెల్లాళ్ల పని మరిచిపోయి
పుట్టిననాటి పేరుతో లేచింది:
అడ్మిన్. పాస్‌వర్డూ అడ్మినే.
ఏడుపు రాలేదు. ఆకలేసింది.
చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ
జాకెట్ల కొలతల పుస్తకం తెరిచాను.
ఎర్రయ్యమ్మ, ఛాతీ ముప్పయ్యెనిమిది, చెయ్యి తొమ్మిది.
ఆ కిందే రాసుకున్నాను
గేట్‌వే నంబరు, ఏ పోర్టుకి ఏ తీగ,
ఏ తప్పు ఏ రోజున.

పొద్దున్నే వచ్చి బూట్లు విప్పుతూ మా ఆయన
"ఇదంతా దేనికి పనికొస్తాదే?" అన్నాడు.
తెలీదన్నాను.
నిజంగానే తెలీదు.

ఎర్రయ్యమ్మ జాకెట్టు ఇంకా కత్తిరించనేలేదు.
రేపు ఇస్తానన్నాను, నిన్న కూడా అదే అన్నాను.
ఈ రాత్రి మాత్రం
ముందు నన్ను రానిచ్చే వాక్యం రాస్తాను.
మిగతావాళ్లని ఆపడం
దాని కింద వరసలో.